కొండమెట్లు – గుండెబలం

తెల్లవారుతూండగా అలిపిరి పాదాలమండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండెక్కడం మొదలుపెట్టాం. నేనూ, మా బావగారూ, అరవై ఎనిమిదేళ్ల మా పెద్దమ్మా. పెద్దమ్మది పల్లెటూరు, నిన్న మొన్నటిదాకా పొలంపని చేసిన మనిషి. బావగారికి యాభై మూడు. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో సోఫా, మధ్యలో స్కూటరు. నడిచే వస్తానని మొక్కుకున్నారు గనుక బస్సు మాట ఎత్తనివ్వలేదు.

ఇక్కడినుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. 1944లో ఘాట్ రోడ్డు పడేదాకా కాలినడకో, డోలీయో తప్ప గతి లేదు. గాలిగోపురం వరకు ఎక్కుడు ఎక్కువ. తర్వాత దారి కొంత చదునుగా సాగి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతుంది. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ ఆడవాళ్లు వంగి లేస్తున్నారు.

రెండు వందల మెట్లు ఎక్కామో లేదో, బావగారు ఆగిపోయారు. ముఖాన చెమట. రొమ్ము మధ్య చెయ్యి పెట్టుకుని, "ఏం లేదు, గ్యాసు" అన్నారు. కూర్చున్న ఐదు నిమిషాలకు తగ్గింది. "చూశావా, తగ్గిపోయింది. పదవోయ్" అన్నారు.

నాకు భయం వేసింది అక్కడే. శ్రమ పడితే వచ్చి, కూర్చుంటే తగ్గే రొమ్ముబిగువును గ్యాసని కొట్టిపారేయకూడదు. గుండెకండరానికి రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి. ఎంత చెప్పినా బావగారు వినరే! చివరికి పెద్దమ్మే అంది: "స్వామి ఎక్కడికీ పోడు. మొక్కు వచ్చే ఏడు తీర్చుకుందురుగాని, దిగండి బాబూ."

ఇద్దరు యాత్రికుల సాయంతో మెల్లగా దింపి ఆసుపత్రికి చేర్చాం. గుండెకు రక్తం అందించే నాళం ఒకటి బాగా ఇరుకైందని తేలింది. స్టెంటు వేశారు.

పదిహేనేళ్లు పెద్దదైన పెద్దమ్మ ఎలా ఎక్కగలిగింది? కాళ్లలో కండబలం ఉన్నవాళ్లకు మెట్టెక్కడం తేలిక. గుండె మీద భారం తక్కువ. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. నెత్తురులోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవీ కండరాలే. కదలకుండా కూర్చుంటే కండ తరుగుతుంది. చక్కెర, రక్తపోటు పెరగడానికి దారి పడుతుంది.

లండన్‌లో రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక సంగతి ప్రకటించారు: కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, వాళ్ల శ్రమశక్తిని ముప్ఫై ఏళ్ల వయసుకంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ దెబ్బతీసిందని తేలింది. మన దేశంతో సహా 17 దేశాల్లో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, పిడికిలి పట్టు తగ్గినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి. పిడికిలి బిగిస్తే గుండె బాగుపడుతుందని కాదు. ఒంటి బలానికి అదొక కొలత.

మరి మనం చేయవలసిందేమిటి? వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక. రెండు రోజులు కండరాలకు పని: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు అరచేతులు ఆనించి ఒంటిని వెనక్కు నెట్టడం. ఊపిరి బిగబట్టకూడదు. గంటల తరబడి కూర్చోకుండా మధ్యమధ్య లేవాలి. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. ఏడాదంతా కూర్చుని, ఒక్కరోజు కొండెక్కుదామనుకోవడం సాహసం. ఇక రొమ్ములో బిగువు వస్తే అక్కడే ఆగండి, ఆసుపత్రికి వెళ్లండి.

బావగారు డాక్టరు చెప్పిన ప్రకారం మందులు వాడుతూ, వీధి చివరిదాకా నడకతో మొదలుపెట్టారు. తర్వాత కుర్చీ వ్యాయామం. మరుసటి ఏడు పరీక్షలు చేసి డాక్టరు సరేనన్నాకే అలిపిరి వచ్చాం. ఆగి ఆగి ఎక్కాం. గాలిగోపురం దగ్గర పెద్దమ్మ అప్పటికే చేరి కూర్చుని ఉంది.

"ఇప్పుడా రావడం?" అంది.