బార్లీ నీళ్ళు

నిరుడు మా బావగారికి మూత్రంలో ఎరుపు కనిపించిందని అక్కయ్య చెబితే, "వేడి చేసి ఉంటుంది, బార్లీ నీళ్ళు ఇవ్వు" అన్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వైద్యమెందుకు చెప్పండి! నొప్పి లేదు, మర్నాటికి ఎరుపూ లేదు. కీర్తి బార్లీకి దక్కింది. మూడు నెలలకు మళ్ళీ కనిపిస్తే గాని డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు.

నొప్పి లేకుండా రక్తం పడటమే తరచుగా ఈ జబ్బు పంపే మొదటి కబురట. మూత్రాశయంలో రాచపుండు. "చుట్ట కాలుస్తారా?" అన్నారు డాక్టరుగారు.

"పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి గదండీ?" అన్నారు బావగారు, నలభై ఏళ్ళ అభిమానంతో.

పొగలోని విషం రక్తంలో కలిసి, మూత్రపిండాలు వడగట్టగా మూత్రంలో చేరి, గంటల తరబడి ఆ సంచి గోడల్నే అంటుకుని ఉంటుందట. ఈ జబ్బులో ఇంచుమించు సగం పొగాకు చలవే. రంగుల కర్మాగారాల పనివాళ్ళకు ఇది వస్తోందని 1895లోనే జర్మనీలో రేన్ అనే సర్జను గుర్తించాడు.

అదృష్టం, కండరంలోకి దిగలేదు. లోపలి పొర దాటకముందే పట్టుబడితే నూటికి 90 మందికి పైగా అయిదేళ్ళు దాటుతారని అమెరికా లెక్కలు. కాని ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే చుట్టం. గొట్టం పంపి గీకేశారు. పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే బి.సి.జి.నే వారానికొకసారి, ఆరు వారాలు, మూత్రాశయంలోకి ఎక్కించారు.

బావగారు చుట్ట మానేశారు. మూడు నెలలకోసారి లోపల దీపం పెట్టి చూస్తున్నారు. వెళ్ళేముందు అక్కయ్య నాకు ఫోను చేస్తుంది. బార్లీ మాట మాత్రం ఇంతవరకు ఎత్తలేదు.