తమ్ముడి బండికి సైలెన్సరు

కవితలు, యాత్రా విశేషాలు చదవడానికి అలవాటుపడిన మన పత్రిక పాఠక మిత్రులకు సైలెన్సరును గూర్చి వ్యాసమనగానే నవ్వు రావచ్చు. కొంతకాలం క్రితం వరకు మాకు కూడా అది బండి క్రింద వ్రేలాడే ఒక గొట్టం మాత్రమే.

మా తమ్ముడు గాజువాకలో ఉంటూ, 2012లో కొన్న డీజిల్ పికప్ బండితో జీవనం సాగిస్తున్నాడు. తెల్లవారకముందే విశాఖ చేపల రేవుకు వెళ్లి, ఐసు పెట్టెలలో చేపలు నింపుకొని చోడవరం, మాడుగుల వైపు చేరవేస్తాడు. ఆదివారాలలో అతని రెండవ కొడుకు, పదేళ్లవాడు, తండ్రి ప్రక్కన కూర్చొని వెళ్లడం ఆనవాయితీ. ఆ వర్షాకాలంలో పిల్లవాడు ఇంటికి వచ్చిన ప్రతిసారీ తలనొప్పి అనేవాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వేడి చేసిందని మరదలు మజ్జిగ ఇచ్చింది. ప్రయాణం పడలేదని మేము మాత్రలు కొనిచ్చాము. ఒక వానరోజున మేమే ఆ సీటులో కూర్చొని, అద్దాలు బిగించుకొని అనకాపల్లి దాకా వెళ్లాము. అరగంట గడిచేసరికి కళ్లు మండి, తల దిమ్మెక్కింది.

బండిని ఎత్తించి చూడగా, సైలెన్సరు ముందరి అతుకు వద్ద చిటికెనవ్రేలు పట్టేంత రంధ్రం కనిపించింది. దానికి సరిగ్గా పైన, క్యాబిన్ నేలలో వైర్లు వచ్చే చోట, రబ్బరు ఊడిపోయి ఉంది. ఇరవై రెండేళ్లుగా మేము పనిచేస్తున్నది బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో. ఆ వాయువులో ఐదవవంతుకు అటూ ఇటూగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందని, దానికి రంగూ వాసనా ఉండవని కొత్తగా చేరినవారికి చెప్పేది మేమే. జేబుకు గ్యాస్ మానిటర్ లేనిదే అడుగు ముందుకు వేయము. డీజిల్ పొగలో ఆ వాయువు పెట్రోలు పొగలోకంటె తక్కువే. అయినా మూసిన క్యాబిన్‌లో పసివాడు పీల్చినది పొగయే కదా. మజ్జిగతో సరిపెట్టినందుకు మేము పడిన సిగ్గు ఇంతా అంతా కాదు.

ఇక కొత్తది ఎంచుకోవాలి. కంపెనీ సామాను పదకొండు వేలన్నారు. తమ్ముడు మాట్లాడలేదు. ఆటోనగర్‌లో వెండిరంగు పూసిన మామూలు ఇనుప రేకుది రెండువేల నాలుగు వందలకు దొరుకుతుంది. అయితే తుప్పు రెండు వైపుల నుండి తింటుంది. ఇంజను వేడెక్కకముందే ఆపేసే చిన్న ప్రయాణాలలో పొగలోని నీటి ఆవిరి లోపలనే చెమ్మగా నిలుస్తుంది. బయట ఐసు పెట్టెలనుండి ఉప్పునీరు బొట్లు బొట్లుగా పడుతుంది. అటువంటిది ఆ బండికి ఏడాదిన్నరకు మించి ఆగలేదని తమ్ముడే చెప్పాడు.

పెద్దవాడు ఐటిఐ చదువుతున్నాడు. వాడి మనసు లోపల పలకలు లేని ఖాళీ గొట్టంపై పడింది. "పెదనాన్నా, ఆ మోతకి బండి బాగా లాగుతుంది" అన్నాడు. పొగకు అడ్డు తగ్గితే టర్బో ఇంజనుకు కొంత తేలిక అన్నది అబద్ధం కాదు. కానీ చేపల బరువుతో యాభై వేగాన పోయే బండికి అది ఏమాత్రం? శబ్ద నియమాలు మీరితే 2019 సవరణ తరువాత పదివేల వరకు జరిమానా ఉన్నదని చెప్పాము. తెల్లవారుఝామున నాలుగింటికి వీధి వీధంతా లేస్తుందని వాళ్లమ్మ చెప్పిన మాటే వాడికి ఎక్కువ తగిలింది.

మూడవ దుకాణంలో స్టెయిన్‌లెస్ సైలెన్సరు అని ఒకటి చూపారు. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం వెంట తీసుకెళ్లాము. పెట్టగానే టక్కున అతుక్కుంది. "ఇది ఇనుమే" అని గట్టిగా తీర్పు చెప్పాము. ముసలి మేస్త్రి నవ్వి, "ఉక్కు ఫ్యాక్టరీ సార్లు కూడా ఇలాగే అంటారండి, ఇది 409" అన్నాడు. మరునాడు మన ప్రయోగశాలలోని మిత్రుని అడిగితే మేస్త్రి మాటే నిజమన్నారు. గిన్నెలు చేసే 304 రకంలో క్రోమియం పద్దెనిమిది శాతం, నికెల్ ఎనిమిది శాతం; దానికి అయస్కాంతం దాదాపు అంటదు. 409లో క్రోమియం పదకొండు శాతం చిల్లర, నికెల్ నామమాత్రం, కనుక అంటుతుంది. సైలెన్సర్లకు విరివిగా వాడేది అదే. పైపైన గోధుమరంగు పట్టినా త్వరగా చిల్లులు పడదట.

మరి మామూలు ఇనుము కాదని ఎలా తెలిసేది? మేస్త్రి వద్ద రెండు రకాల ముక్కలూ తెచ్చి, గ్లాసులలో ఉప్పునీరు పోసి వేశాము. రెండవ రోజుకు ఇనుప ముక్క గ్లాసులో నీళ్లు ఎర్రబడ్డాయి. రెండవ గ్లాసులో కాస్త మరక, అంతే. మరదలు ఆ గ్లాసులను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

కూలితో కలిపి నాలుగువేల ఎనిమిది వందలయింది. బిల్లుపై గ్రేడు వ్రాయించాము. గొట్టం లావు పాతదానితో సరిచూసి, అతుకులను వెల్డింగ్‌కు బదులు క్లాంపులతో బిగింపించాము. గ్యాస్కెట్లు, వ్రేలాడదీసే రబ్బర్లు కొత్తవి వేయించాము. ఐసు నీరు ప్రక్కకు పోయేలా పెట్టెల క్రింద ఒక రేకు దోనె కట్టించాము. 2020 తరువాతి బిఎస్-6 డీజిల్ బండ్లు కలవారు మాత్రం ఇలా కోయించవద్దు. వాటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. తమ్ముడిది పాతది కనుక ఆ బెడద లేకపోయింది.

క్యాబిన్ నేలలో ఊడిన రబ్బరు ఖరీదు ముప్పై రూపాయలు.

ఇప్పుడు నెలకొకసారి, చల్లని ఇంజను తీసి, పెద్దవాడు గొట్టం చివర మందపు గుడ్డను ఒక్క క్షణం అదిమి పడతాడు. ఎక్కడైనా బుస్సుమంటుందేమోనని తమ్ముడు వింటాడు. చిన్నవాడు ఆదివారం సీటెక్కే ముందు, వంగి, రబ్బరు ఉన్నదో లేదో చూసుకొని మరీ కూర్చుంటున్నాడు.