గద్వాల కోట – కోటకొమ్మ అంచు

గద్వాల కోట అనగానే నాకు ముందు జ్ఞాపకం వచ్చేది రాతిగోడ కాదు, చీర అంచు. కోటగోడ మీది కొమ్మలవలె వరుస తీరిన ఆ నమూనాను నేతగాళ్లు కోటకొమ్మ అంటారు. చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు పేకనూ పట్టు పేకనూ పెనవేస్తూ నేసే ఈ పని మూడు నాడెలతో సాగుతుంది.

కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డలో, సంస్థానాధీశుల ఆదరణవల్లనే ఈ కళ బతికిందని మనవాళ్లు రాస్తుంటారు. ఆదరణ అబద్ధం కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు పంపే ఆనవాయితీ సంస్థానం నాటిదే. కాని 1948లో నిజాం పాలన ముగిసింది. ఆ వెనుకనే సంస్థానమూ పోయింది. కోట శిథిలమైంది, మగ్గం ఆగలేదు. పోషకుడు పోయినా కళ నిలిచిందంటే దాని ప్రాణం పోషకునిలో లేదన్నమాట.

అయితే నేతగాడు స్వతంత్రుడైనాడా? మగ్గం ఎవరిదని అక్కడ ఒకరిని అడిగాను. “మగ్గం మాదే సారూ, పట్టు సావుకారిది” అన్నాడు. పట్టు ఎవరిదో చీర వారిదే. నేసినవానికి మిగిలేది కూలి. కండెలు చుట్టే ఇల్లాలికి అదీ లెక్కలో లేదు.

1999 నాటి చట్టం కింద గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అది పేరును కాపాడుతుంది, కూలిని నిర్ణయించదు.

కళాచరిత్ర రాసే మిత్రులను నేను కోరేది ఒక్కటే: ఏ ప్రభువు ఆదరించాడో అడిగిన తరువాత, చీర వెలలో నేసినవాని వంతు ఎంతో కూడా అడగండి. అప్పుడే మన చరిత్ర కోటగుమ్మం దాటి మగ్గం గుంటలోకి దిగుతుంది.