నిషానీ మిగులుతుంది

30 కిలోలు తగ్గాక మా ఆపా జబ్బల కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడింది. "బురఖాలో ఎవరికి కనిపిస్తుందే?" అంది ఖాలా. "నాకు కనిపిస్తుంది కదా!" అంది ఆపా. ఎండాకాలం ఆ మడతల్లో చెమట పట్టి ఒరుసుకునే తక్లీఫ్ వేరే.

సాగిన చర్మం కసరత్తుతో బిగుసుకోదు. దానికి ఇలాజ్ బ్రేకియోప్లాస్టీ ఆపరేషన్. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు కోసి, అదనపు చర్మం తీసి కుడతారు. కొన్ని వారాలు బిగుతు తొడుగు వేసుకోవాలి. బిందెలు మోయకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు. వాపు, తిమ్మిరి మామూలే. కోత నిషానీ ఏడాదికి పలచబడుతుంది గానీ పూర్తిగా పోదు.

అందుకే ఆపాతో చెప్పా: "ఇది సౌదా. వేలాడే చర్మం ఇచ్చి గీత తెచ్చుకోవడం. నీకు మంజూరైతేనే వెళ్దాం."

అంతా షౌక్ అని ఖాలా ఇంకా గొణుగుతోంది. చెయ్యి ఆపాది, ఫైసలా కూడా ఆపాదే.