వాక్యపు వరుస

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన మా పిల్లలు, నాయనమ్మ తెలుగులో పలకరిస్తే హిందీలో బదులిచ్చేవారు. ఆమె చిన్నబుచ్చుకొనేవారు.

మేము ఇంజినీరులమే గాని భాషావేత్తలము కాము. అయినను జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ప్రకటించిన పరిశోధన మాకు దారి చూపింది. ఆయన 30 భాషల వాక్యనిర్మాణాన్ని పోల్చారు. వాటిలో హిందీ, కన్నడం ఉన్నాయి. క్రియ చివర వచ్చే భాషలలో విభక్తులు సాధారణంగా నామం తరువాతనే వస్తాయని గుర్తించారు.

హిందీ ఆర్యభాష, తెలుగు ద్రావిడభాష. అయినా ‘బచ్చా ఘర్ మే హై’, ‘పిల్లవాడు ఇంటిలో ఉన్నాడు’ అనే రెండు వాక్యాలలోను వరుస ఒక్కటే!

పిల్లలకు వరుస తెలుసు, మాటలే కొరవడ్డాయి. రోజూ భోజనాల వేళ కొన్ని మాటలు నేర్పాము. నేడు వారు తడబడుతూనైనా నాయనమ్మతో తెలుగులో మాట్లాడుతున్నారు.