రైలుగేటునొద్ద

బడిపంతులునకు ఒక దురభ్యాసము కలదు. ఇరువది యేండ్లు పరులను ప్రశ్నించుటయే గాని తాను ప్రశ్నింపబడుట యెఱుగనివాడగుటచే, తనకు తెలియనిది లోకమున లేదని కొంతకాలమునకు తానే నమ్మును. ఈ నమ్మకము తరగతిగదిలో చెల్లును, రాజమార్గమున చెల్లదు. గత వేసవిలో సకుటుంబముగా కారులో చేసిన యొక ప్రయాణమున నాకీ సంగతి తెలియవచ్చినది. దానితోపాటు అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మఱియొకటియు తెలియవచ్చినది. దానిని చదువరులతో చెప్పుకొనుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

నాకు ఇరువురు సంతానము. అమ్మాయికి తొమ్మిదేండ్లు, అబ్బాయికి ఆఱేండ్లు. ఇద్దఱికిని రైలుబండి యన్న ప్రాణము. మా యింట కంచములు వరుసగా పెట్టిన అవి పెట్టెలు. పీటలు వాల్చిన అవి స్టేషనులు. అమ్మాయి బండ్ల సంఖ్యలను, వేళలను తప్పులేక అప్పగించును, అబ్బాయి కూతవేయును. భీమవరమున మా బావమఱది గృహప్రవేశమునకు పోవలసి వచ్చినప్పుడు, సామానును, మా అమ్మగారి మోకాళ్లనొప్పులను తలచి నేను కారు బాడుగకు మాటాడితిని. రైలుండగా కారేలయని పిల్లలు రెండు దినములు నాతో సరిగా మాటాడలేదు. దారిలో బండ్లను చూపింతునని మాటయిచ్చి వారిని ఎక్కించితిని.

మా యూరు రాజమహేంద్రవరము. రైళ్లను ప్రేమించు పిల్లలకు ఇంతకంటె మంచి యూరు దొరకుట యరుదు. 1900లో తెరచిన హేవలాకు వంతెన 1997 వఱకు బండ్లను మోసి విశ్రమించినది. ఆ 1997లోనే దాని ప్రక్కను కాంక్రీటు విల్లుల వంతెన పనిలోనికి వచ్చినది. ఈ రెంటికిని ఎగువను, 1974లో తెరచిన వంతెనమీద క్రింద రైలును, పైన రోడ్డును పోవుచుండును. మేము ఆ రోడ్డున కొవ్వూరివైపు పోవుచుండగా మా క్రిందనే బండి వచ్చినది. వంతెన యదరినది, చప్పుడు చెవులు నిండినది, బండి మాత్రము కనబడలేదు. అబ్బాయి యేడ్పు లంకించుకొనెను. అమ్మాయి కన్నులు మూసికొని విని, "నాన్నగారూ, ఇది కొవ్వూరినుండి మన యూరికి పోవు బండి. చప్పుడు ముందునుండి వెనుకకు పోయినది" అనెను. నేను ఏడ్చువానిని ఓదార్చు పనిలో నుండి, ఆ మాటను వినియు విననట్లుంటిని.

నిడదవోలు దాటిన పిమ్మట ఒకచోట గేటు పడియుండెను. మా ముందు పదిబండ్లు, వెనుక అంతకు రెట్టింపు. మోటారుసైకిళ్లవారు కొందఱు కడ్డీక్రింద దూరిపోవుచుండిరి. పిల్లల కది పండుగ. నేను అబ్బాయిని భుజముమీది కెక్కించుకొంటిని. వెంట దిగబోయిన అమ్మాయిని చూచి, "ఎండగానున్నది, జనము గుంపుగా నున్నారు, నీవు అమ్మయొద్ద కూర్చుండుము" అంటిని. ఆ యెండ ఆఱేండ్లవానికిని ఎండయే యని నాకు తోచలేదు.

ఆమె కిటికీలోనుండి తల బయట పెట్టి, "నాన్నగారూ, ముందు గేటు పడునా, ముందు సిగ్నలు పచ్చబడునా? గేటు వేయుట మఱచిపోయిన బండి వచ్చి మీద పడదా?" అని యడిగెను.

"అవన్నియు నీకేల, తల్లీ?" యని నేను నవ్వితిని. అంతలో భుజముమీదివాడు, పైని తీగ లెందుకని యడిగెను. వానికి మాత్రము 25,000 వోల్టుల విద్యుత్తును గూర్చి, దానిని తీగనుండి యందుకొను ఇంజను చేతిని గూర్చి చక్కగా నుపన్యసించితిని. వానికి అందులో సగమైనను బోధపడలేదు.

నా భార్య కారులోనుండి నెమ్మదిగా, "తెలియదని చెప్పిన నేమి? పిల్ల మంచి ప్రశ్నయే యడిగినది" అనెను.

చదువరులారా! ఆ మాట నిజము. నాకు తెలియదు. అడిగినవాడు కొడుకైనచో "కనుగొందము రమ్ము" అని యుందును. అడిగినది కూతురగుటచే "నీకేల" యంటిని. నా యజ్ఞానమును దాచుకొనుటకు ఆమె ఆడుపుట్టుక నాకు అనువైన మఱుగయ్యెను. నేను వెనుకకు తిరిగి, తలుపు తీసి, ఆమె చేయి పట్టుకొని గేటునొద్దకు నడచితిని.

గేటునొద్ద పని చేయు ఉద్యోగి యొక స్త్రీ. జెండాలు చేతబట్టుకొని నిలిచియుండెను. మూతపెట్టెల గూడ్సుబండి వచ్చి పోయినది. అబ్బాయి ఇరువదితో లెక్క తప్పెను. అమ్మాయి 42 అని తేల్చెను. బండి పోయినను గేటు లేవలేదు. హారనులు మ్రోగసాగెను. "ఇంకొక బండి యున్నదండీ" యని ఆమె ఓర్పుతో చెప్పుచుండెను. "అమ్మా, మా పిల్ల కొక సందేహము" అని నేనంటిని. అమ్మాయి మరల తన ప్రశ్న నడిగెను.

"గేటే ముందు, పాపా" యని ఆమె చెప్పెను. "స్టేషను మాస్టరుగారు ఫోను చేయుదురు. నేను గేటు మూసి తాళము వేసి, అచ్చుకాగితములోని అంకె యొకటి ఆయనకు చెప్పి, దానిని కొట్టివేయుదును. తాళము పడనిదే సిగ్నలు పచ్చబడదు. బండి పోయి సిగ్నలు మరల ఎఱ్ఱబడనిదే తాళము రాదు. నేను మఱచినను బండి అవతలనే యాగును."

"అయిన, ఎన్ని హారనులు మ్రోగించినను మీరు తెరువలేరు గదా?"

"తెరువలేను, తల్లీ! ఆ సంగతి వారికి నీవే చెప్పుము" అని ఆమె నవ్వెను.

తిరిగి కారెక్కినప్పటినుండి నా మనస్సు స్థిమితముగా లేదు. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిరని నేను ఏటేట పాఠము చెప్పుచున్నాను. ఆ ధవళేశ్వరము మా యూరికి కొలదిమైళ్లలోనే యున్నది. మహారాష్ట్రమునకు చెందిన సురేఖా యాదవుగారు 1986లో ఇంజను నడుపు శిక్షణలో చేరి, మన దేశమున ఆ పనికి పూనుకొన్న మొదటి స్త్రీయై, 2023 మార్చిలో షోలాపూరునుండి ముంబయికి వందేభారతు బండిని నడపి, 2025లో ఉద్యోగవిరమణము చేసిరి. ఇదియు నేను పత్రికలలో చదివి మెచ్చుకొన్నదే. పాఠశాల పెట్టినవారిని మెచ్చుకొనుటకు, ఇంజను నడపినవారిని మెచ్చుకొనుటకు నాకు కష్టము లేదు. ఇంటిలోని పిల్లను కారు దిగనిచ్చుటకే కష్టమైనది.

భీమవరము చేరితిమి. భోజనానంతరము బంధువులు అబ్బాయిని చుట్టుకొని, "పెద్దయిన పిమ్మట ఏమి చేయుదువురా?" అని యడిగిరి. "రైలింజను నడుపుదును" అని వాడు కూతవేసెను. అందఱు ముచ్చటపడిరి. ప్రక్కనే నిలిచియున్న అమ్మాయిని ఎవ్వరును ఏమియు అడుగలేదు. వాడు తనకు రైళ్లను గూర్చి తెలిసినదంతయు ఆమెయొద్ద నేర్చినవాడే.

"నీవేమి చేయుదువు, అమ్మా?" అని నేనడిగితిని.

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. మొదట నా ముఖము చూచెను. సిగ్నలు ఏ రంగున నున్నదో చూచి గాని కదలని చోదకునివలె, నా ముఖమున ఏమున్నదో చూచి, ఆ తరువాతనే, "నేనును ఇంజనే నడుపుదును" అని మెల్లగా ననెను. ఒకరిద్దఱు నవ్విరి. నేను నవ్వలేదు. "మంచిది. దానికి ఏమేమి చదువవలెనో రేపు కనుగొందము" అంటిని. నాకు అదియు తెలియదు. కాని ఈ మాఱు తెలియదని చెప్పుటకు సిగ్గుపడలేదు.

తొమ్మిదేండ్ల బిడ్డ తన కోరికను చెప్పుటకు ముందు తండ్రి ముఖము చూడవలెనని ఎక్కడ నేర్చినది? బడిలో గాదు. ఆ పాఠము చెప్పినవాడను నేనే. దానిని మఱపించుట నేర్పుటకంటె కష్టమైన పని. తిరుగు ప్రయాణమున అదే గేటు పడినది. అమ్మాయి తలుపుమీద చేయివేసి మరల నావైపు చూచెను. నేను ముందుగా దిగి నిలిచితిని.