రెండో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి

రాయలసీమలో పుట్టినవాళ్లకు నీళ్లు రావేమోనన్న భయం చిన్నప్పటి నుంచే అలవాటు. నీళ్లు ఇంట్లోకి వచ్చేస్తాయన్న భయం మాత్రం మా కర్నూలుకు 2009లో తెలిసింది. ఆ ఏడు వానాకాలమంతా వానల్లేక జనం ఆకాశం వైపు చూశారు. సెప్టెంబర్ ఆఖరులో కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి అక్టోబర్ 2న ఊరిని ముంచేశాయి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే, ఆ రోజుల్లో 896 అడుగుల దాకా పోయింది. అక్కడికి వచ్చిన వరద సుమారు 25 లక్షల క్యూసెక్కులు.

నేనప్పుడు ఏడో తరగతి. మాది పాతబస్తీ. మిద్దె మీదికి ముందు మా అవ్వను ఎక్కించారు, తర్వాత పిల్లల్ని, ఆ తర్వాత బియ్యం మూటను. ట్రంకుపెట్టెను ఎవరూ తలుచుకోలేదు. తలుచుకోవాల్సిన టైమూ కాదది. నీళ్లు తీసేశాక పెట్టె తెరిస్తే పొలం పాసుపుస్తకం, నాయన పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి ఆల్బమ్ అన్నీ కలిసి ఒకే బురదముద్ద అయిపోయినాయి.

పాసుపుస్తకం మళ్లీ ఇచ్చారు. ఆలస్యమైనా సర్టిఫికెట్ కూడా డూప్లికేట్ వచ్చింది. ఫొటోలకు డూప్లికేట్ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. ఆ ఆల్బమ్‌లోనే మా అబ్బ, అంటే మా నాయన వాళ్ల నాయన, ఫొటో ఉండేది. నేను పుట్టకముందే పోయినాడాయన.

"స్టూడియోలో ఉంటాదిలేమ్మా" అని నాయన అవ్వకు ధైర్యం చెప్పినాడు. మా వీధి చివర ఒక ఫొటో స్టూడియో ఉండేది. పాత నెగెటివ్‌లు, కొత్త పెళ్లిళ్ల ఫొటోలు అన్నీ ఆయన దగ్గరే. పాపం, ఆయన జాగ్రత్త గల మనిషే. కంప్యూటర్లో ఉన్నదంతా ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా ఎక్కించి పెట్టుకున్నాడు. కాకపోతే ఆ రెండో డిస్కు ఉన్నది అదే షాపులో, అదే టేబుల్ కింది సొరుగులో. కంప్యూటర్ మునిగిన నీళ్లలోనే అదీ మునిగింది. ఆరబెట్టి కరెంటు ఇచ్చి చూశాడు. ఇంక పలకలేదు. వారం రోజులు జనం వచ్చి ఆయన షాపు ముందు నిలబడి, ఊరికే వెనక్కి పోయేవాళ్లు.

మరి అబ్బ ఫొటో? నెల తర్వాత ప్రొద్దుటూరు నుంచి మా అత్త వచ్చింది. ఎప్పుడో ఫొటో తీయించినప్పుడు తనకూ ఒకటి కావాలని పట్టుబట్టి ప్రింటు వేయించుకుని పోయిందంట. దాన్ని చీర మడతలో పెట్టుకుని తెచ్చింది. ఇవాళ మా ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ ఫొటోనే.

నేనిప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కంపెనీ డేటా ఒక నగరంలో పోయినా ఇంకో నగరంలో ఉండేట్టు చూడటం మా టీమ్ పనిలో ఒక భాగం. దానికి పెద్ద పెద్ద పేర్లున్నాయి కానీ విషయం మాత్రం మా అత్త చేసిందే. రెండు కాపీలు ఒకే చోట ఉంటే అవి రెండు కావు, ఒకటే. దొంగకూ, మంటకూ, వరదకూ రెండూ ఒకేసారి దొరుకుతాయి.

ఇది చిన్న షాపుల సమస్య మాత్రమే కాదు. దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో 2025 సెప్టెంబర్ 26న ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది. మరీ పెద్దదని దానికి బయట ఇంకో కాపీ పెట్టలేదు. అంత టెక్నాలజీ ఉన్న దేశానికీ, మా వీధి స్టూడియోకీ జరిగింది ఒకటే.

నిజానికి ఈ తెలివి మా సీమకు కొత్తేం కాదు. కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య పాటలు మనదాకా వచ్చాయంటే, వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కొండ మీద దాచారు కాబట్టి. ఆకుల మీద రాసి ఊళ్లోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆయన పేరే పెట్టిన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబర్ 19 ఉదయం తెగిపోయింది. చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట లాంటి ఊళ్ల మీద పడి మనుషుల్నీ, పశువుల్నీ, ఇళ్లనూ ఈడ్చుకుపోయింది. అలాంటప్పుడు బీరువాలో ఏముందో చూసుకునే వ్యవధి ఎవరికుంటుంది?

1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ ఇంకో పాఠం చెప్పి పోయాడు. పండితుల్నీ, లేఖకుల్నీ సొంత డబ్బుతో పెట్టుకుని, చెదలు తింటున్న తాళపత్రాలను కాగితం మీదికి ఎక్కించాడు. ఒక్క పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, తప్పులు దిద్దించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. కాపీ తీయడం సగం పనే, ఆ కాపీ సరిగ్గా ఉందో లేదో చదివి చూడటం మిగతా సగం. ఇంకోటి కూడా ఉంది. తాళపత్రమైనా, సీడీ అయినా, హార్డ్ డిస్క్ అయినా ఎప్పటికీ ఉండదు. పాతబడకముందే కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోవాల్సిందే.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ దీన్నంతా మూడు అంకెల్లో చెప్పాడు: 3-2-1. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. మా ఇంటికి నేను దాన్ని ఇట్లా అమర్చాను.

ముందు ఏం దాచాలో చూసుకోవాలి. ఆధార్, లైసెన్స్, మార్కుల జాబితాల లాంటివి పోతే మళ్లీ ఇచ్చేవాళ్లున్నారు. డిజీలాకర్‌లో పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. మళ్లీ ఎవరూ ఇవ్వలేనివి వేరు. మా అవ్వకు ఎనభై దాటాయి. అబ్బతో ఎడ్లబండి మీద మంత్రాలయం పోయిన కథ ఆమె చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. మా ఇంట్లో అన్నిటికన్నా విలువైన ఫైలు అదే. సినిమాలు పోయినా ఫరవాలేదు. ఇట్లాంటివి వేరే ఫోల్డర్లో పెడితే, దాచాల్సింది మనం అనుకున్నంత ఎక్కువ ఉండదు.

"ఫొటోలన్నీ గూగుల్‌లో ఉన్నాయి కదరా" అంటారు మా చిన్నాయన. ఉన్నాయి. కానీ ఫోన్‌కూ, దానికీ లంకె ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో ఒకటి డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులే ఉంటుంది. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్ కూడా. అది నిండితే కొత్త ఫొటోలు ఎక్కడం ఆగిపోతుంది, మనం గమనించం. రెండేళ్లు అసలు వాడని ఖాతాను తీసేసే నిబంధన కూడా ఉంది. అందుకని క్లౌడ్‌ను ఒక కాపీగా లెక్కపెట్టుకోండి, మొత్తం అదే అనుకోకండి. దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

రెండోది, బయటి హార్డ్ డిస్క్. కాపీ అయిపోగానే వైరు పీకేయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ పట్టిన రోజు ఆ డిస్కులోని ఫైళ్లకూ తాళం పడుతుంది. ఖర్మ కాలి డిస్కు నీళ్లలో పడితే మాత్రం కరెంటు ఇవ్వొద్దు. చాలా హార్డ్ డిస్కులకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. నీళ్లు లోపలికి పోయి ఉంటే, తిప్పగానే లోపలి పళ్లాలు గీసుకుపోతాయి. తెరవకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వడమే మంచిది. ఖర్చు బాగా అవుతుంది, వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. దాంతో పోలిస్తే ఇంకో డిస్కు కొనడం చాలా చవక.

మూడోది, ఆ ఇంకో డిస్కు. అది ప్రొద్దుటూరులో మా అత్త బీరువాలో ఉంటుంది. మొదటిసారి తీసుకుపోయి ఇస్తే, "ఇందులో ఏముందిరా?" అని అడిగింది. "మా ఇల్లంతా ఉంది అత్తా" అన్నాను. పట్టుచీరల అరలో పెట్టి తాళం వేసింది.

ప్రతి దసరాకూ అత్త దాన్ని కర్నూలు తెస్తుంది. కొత్తవి ఎక్కించి తిరిగి పంపిస్తాం. పంపే ముందు ల్యాప్‌టాప్‌కు పెట్టి అవ్వ రికార్డింగ్ తెరుస్తాను. అంతా కూర్చుని వింటాం. అవ్వ తన గొంతే తాను విని, "ఆ బండి కథేనా, మళ్లీనా?" అని విసుక్కుంటుంది. అది వినబడిందంటే మా బ్యాకప్ బాగున్నట్టే.